మా అత్త, మూడెకరాలు, సత్యం షేరు

షేర్ల సంగతి మాట్లాడుకునే మగవాళ్ళను మీరెప్పుడైనా పక్కగదిలోంచి విన్నారా? విని ఉంటే ఒక విషయం మీకు తట్టే ఉంటుంది. మొదలుపెట్టడం కంపెనీతోనే మొదలుపెడతారు. లాభమెంత, ఆర్డర్లెన్ని, అమెరికాలో దాని పరపతి ఏమిటి అంటూ ఓ అయిదు నిమిషాలు నడుస్తుంది. రెండో కాఫీ వచ్చేసరికి కంపెనీ వెనక్కి జరిగి గవర్నమెంటు ముందుకొస్తుంది. వచ్చే ఎలక్షన్లలో ఎవరు గెలుస్తారు, గెలిస్తే ఏ పనికి డబ్బు పోస్తారు, ఏ పని అటకెక్కిస్తారు... ఇక అక్కణ్ణించి అన్నానికి లేచేదాకా అదే గొడవ. బి.ఏ.లో ఎకనామిక్స్ నాకూ ఒక సబ్జెక్టే. కాని ఆ పుస్తకంలో కంపెనీలు ఒక అధ్యాయం, ప్రభుత్వ వ్యయం ఇంకో అధ్యాయం. ఈ రెండూ ఒకే మంచం మీద కూర్చుని కాఫీ తాగుతాయని మా లెక్చరరు చెప్పలేదు.

నాకా సంగతి తెలిసింది 2008 డిసెంబరు ఆఖరి వారంలో, మా రుద్రవరంలో. ఆళ్ళగడ్డనుంచి నల్లమల వైపుగా వస్తే అడవికి చేరువలో ఉంటుంది మా ఊరు. అప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. మా వైపు పొలాలకు తెలుగుగంగే తల్లి. మద్రాసుకు తాగేనీళ్ళివ్వాలని 1983లో ఒప్పందం చేసుకుని తలపెట్టిన కాలువ అది. నీళ్ళు మద్రాసు చేరేసరికి 1996 వచ్చింది. ప్రభుత్వం ఒక పని మొదలుపెట్టడానికీ, ఆ పని మన కళ్ళబడడానికీ మధ్య ఎంత కాలం పడుతుందో మా ఊళ్ళో పిల్లవాణ్ణడిగినా చెబుతాడు.

ఆ తెలుగుగంగ కిందే మా మేనత్తకు మూడెకరాలుంది. పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద మా తాత రాసిచ్చింది. పాస్‌బుక్కు ఆమె పేరే. పాస్‌బుక్కుండే ట్రంకుపెట్టె తాళంచెవి ఆమె మొలలోనే. ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మూడురోజుల వాదనలో మాట్లాడినవాళ్ళకు మాత్రం అవి గుర్తు లేవు.

మాట్లాడినవాళ్ళు ముగ్గురు. మొదటివాడు మా బావ, అత్త కొడుకు. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. రెండో ఆయన మా చిన్నాయన, రిటైరైన హైస్కూలు మాస్టరు. పేపర్లో ధరల పేజీని పంచాంగంలా చదివేవాడు. మూడో ఆయన మా ఎదురింటాయన. ఈయన పార్టీ మనిషి. ఏ పార్టీ అంటారా, అది ఏ ఏడాది అడుగుతున్నారన్నదాన్నిబట్టి ఉంటుంది.

బావ తెచ్చిన ప్రతిపాదన ఇది. సత్యం కంప్యూటర్స్ షేరు ఆ ఏడాది వేసవిలో 500 దాటి పలికింది. డిసెంబరు 16న సుమారు 226 దగ్గరుంది. మర్నాడు ఒక్కరోజులో 158కి పడింది. "కంపెనీ అదే, మనుషులు అదే, ఆఫీసులు అవే. ధరొక్కటే పడింది. దీన్ని సంతలో మంచి ఎద్దు సగం ధరకు దొరకడం అంటారు మామా" అన్నాడు. మరి ఎద్దు కొనడానికి డబ్బు? అమ్మ మూడెకరాలున్నాయిగా! ఇప్పుడమ్మి షేర్లు కొంటే రెండేళ్ళలో ఆరెకరాలు కొనివ్వవచ్చునట. అత్త అప్పుడు వసారాలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. తల ఎత్తలేదు.

పడింది సరే, ఎందుకు పడింది? అదీ చెప్పాడు బావ. డిసెంబరు 16న సత్యం డైరెక్టర్లు కూర్చుని మైటాస్ పేరున్న రెండు కంపెనీలను 160 కోట్ల డాలర్లు పెట్టి కొంటామని ప్రకటించారు. ఒకటి భూములూ ఇళ్ళూ చూసుకునేది, రెండోది కాలువలూ రోడ్లూ వేసేది. రెండూ రామలింగరాజు కుటుంబానివే. సత్యం అన్న ఇంగ్లీషు స్పెల్లింగును వెనకనుంచి చదివితే మైటాస్. సత్యం అప్పటికి 2001నుంచి న్యూయార్కు ఎక్స్చేంజిలో కూడా ఉంది. అక్కడి మదుపుదార్లు గగ్గోలుపెట్టారు. కంప్యూటర్ల కంపెనీ సొమ్ము తీసుకుపోయి ఇంట్లోవాళ్ళ నేలలో పోస్తారా అని. గంటల్లోనే బేరం రద్దయింది, షేరు మాత్రం కూలింది.

ఇక్కడే మా చిన్నాయనకు ఆశ్చర్యం వేసింది. ధర పడినందుకు కాదు, అమెరికావాళ్ళు కోప్పడినందుకు! "డబ్బున్నోడు నేల కొనక ఇంకేం కొంటాడప్పా? దానికింత రాద్ధాంతమేంది?" అన్నాడు. నిజమే కదండీ. మావైపు వడ్డీవ్యాపారి నేల కొంటాడు, డాక్టరు నేల కొంటాడు, మాస్టరు ప్రావిడెంటు ఫండు వస్తే నేల కొంటాడు. ఆ మొత్తం బేరంలో మావాళ్ళకు అర్థమైన ముక్క అదొక్కటే. న్యూయార్కు వాళ్ళకు అర్థం కాని ముక్కా అదొక్కటే. పైగా చిన్నాయన దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది. కంపెనీని బాగా నిర్వహిస్తున్నందుకు ఆ ఏడాదే సత్యానికి గోల్డెన్ పీకాక్ అవార్డొచ్చింది. ముప్పయ్యేళ్ళు పిల్లలకు మార్కులేసిన మనిషి కదా, ఎవరైనా ఎవరికైనా మార్కులేశారంటే చాలు, నమ్మేస్తాడు.

ఎదురింటాయన వాదన మాత్రం కంపెనీ గుమ్మంలోకే పోలేదు. "చంద్రబాబు ఉన్నన్ని రోజులు కంప్యూటర్లు, కంప్యూటర్లనిరి. సత్యం పెరిగె. రాజశేఖరరెడ్డి వచ్చినాక జలయజ్ఞం, కాలువలనిరి. మైటాస్ పెరిగె. ఎవురొచ్చినా ఒక చెయ్యి ఆడుతాంటాదప్పా వాళ్ళకు" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. హైదరాబాదు మెట్రో సంగతి ఎత్తాడు. ఆ రైలు పనికి మిగతా కంపెనీలు గవర్నమెంటునే డబ్బు సాయం అడిగితే, మైటాస్ జట్టు తామే గవర్నమెంటుకు 30,311 కోట్లు ఎదురిస్తామని 2008లో ఆ పని దక్కించుకుంది. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ ఈ లెక్క మంచిది కాదని ప్రణాళికా సంఘానికి జాబు కూడా రాశాడు. ఎదురింటాయన దృష్టిలో ఆ జాబు ఓర్వలేనితనం. బావ దృష్టిలో ముప్పయ్యయిదేళ్ళ ఆదాయం. చిన్నాయనకు మాత్రం కాస్త చిక్కుగానే ఉంది. పెళ్ళికొడుకు తరపువాళ్ళే కట్నం ఎదురిస్తామంటే మనం పిల్లవాడి ఆరోగ్యం వాకబు చెయ్యమా అన్నాడు. నాకా పోలిక నచ్చి నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

రెండోరోజుకు వాదన పూర్తిగా ఎలక్షన్లలోకి దిగిపోయింది. 2009 వేసవిలో ఎన్నికలు. చిరంజీవి కొత్త పార్టీ పెట్టి నాలుగు నెలలయింది. ఎవరు గెలిస్తే ఏ కాలువకు ఎంత ఇస్తారు, ఎవరు ఓడితే ఏ బిల్లు ఆగుతుంది, ఆ బిల్లు ఆగితే షేరెంత పడుతుంది... సత్యం కంపెనీలో యాభైవేలమందికి పైగా కూర్చుని చేసే పనేమిటో ఆ రోజంతటిలో ఒక్కసారైనా ఎవరూ ప్రస్తావించలేదు. నేను గమనించాను. నవల రాసేవాళ్ళకు ఇదొక జబ్బు, మాట్లాడినదానికంటే మాట్లాడనిదాన్ని లెక్కపెట్టుకుంటాం.

బిల్లు అన్న మాట రాగానే అత్త చెయ్యి ఆగింది.

మా మామ బతికున్నరోజుల్లో కాలువపనుల్లో చిన్న కాంట్రాక్టరు. పెద్ద కాంట్రాక్టరు దగ్గర పిల్లకాలువల ముక్కలు తీసుకుని చేయించేవాడు. ఒకసారి ఎలక్షన్లముందు తొందరపెట్టి పని చేయించారు. కూలీలకు ఇవ్వడానికి అత్త గాజులు తాకట్టుకెళ్ళాయి. పనయింది, కొలతలు పుస్తకంలో ఎక్కాయి, ఎలక్షన్లయ్యాయి. బిల్లు మాత్రం రాలేదు. ఏ ఆఫీసులో ఆగిందో ఇప్పుడనవసరం. నాలుగేళ్ళు తిరిగాడు మామ. ఆయన పోయిన ఏడాదికి వచ్చింది డబ్బు. అత్త వేలిముద్ర వేసి తీసుకుంది. ఆమె సంతకం చెయ్యగలదు, కాని ఆరోజు చెయ్యి ఆడలేదట.

మూడోరోజు పొద్దున బావ కాగితాలు ముందు పెట్టుకుని, కొనేవాడెవరో కూడా చూసి పెట్టానని చెప్పాడు. అప్పుడు నోరువిప్పింది అత్త.

"ఒరే నాయనా, నాకర్థం కాక అడుగుతాన్నా. వాళ్ళేమో కంప్యూటర్లమ్మి నేల కొనాలని చూస్తాంటిరి. నువ్వేమో నేలమ్మి కంప్యూటర్లు కొంటానంటాండావు. మీ ఇద్దర్లో ఎవురికి తెలివి లేదో ముందు అది తేల్చుకో. తేలినాక తాళంచెవి ఇస్తా."

చిన్నాయన నవ్వాపుకోలేకపోయాడు. బావకు నవ్వు రాలేదు. "అమ్మా, నీకు తెల్దు" అన్నాడు. ఈ మాట మన కొడుకులు ఎంత సులువుగా అంటారో చూడండి. ఆమె పేరుమీదున్న ఆస్తి గురించి మూడురోజులు మాట్లాడి, ఆమెను అడగడానికి నాలుగోసారి కాఫీ ఇచ్చేదాకా ఆగి, అడగ్గానే తెల్దని తేల్చేశాడు. అత్త మళ్ళీ మిరపకాయలు ముందేసుకుంది. బావ జనవరి ఒకటో తారీఖుకు ఉండకుండా బస్సెక్కాడు. వెళ్తూ చెప్పి వెళ్ళలేదు. ఆ సాయంత్రం అత్త అన్నం తినలేదు. వాదనలో గెలిచిన మనిషి అన్నం మానెయ్యడమేమిటని మీరడగవచ్చు. తల్లులు గెలిచే పద్ధతి అలాగే ఉంటుంది.

వారం తిరగలేదు. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. ఖాతా పుస్తకాల్లో 5,361 కోట్లున్నట్టు చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేవు. ఏళ్ళతరబడి లాభం పెంచి చూపిస్తూ పోతే లెక్కకూ నిజానికీ మధ్య గుంత పెరిగిపోయింది. ఆ గుంత పూడ్చడానికి చేసిన ఆఖరి ప్రయత్నమే మైటాస్ బేరం. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు తెచ్చిపెట్టుకోవడమన్నమాట. అంటే అత్త వేసిన ప్రశ్నకు జవాబు దొరికినట్టే. కంప్యూటర్ల డబ్బు లేదు కాబట్టే నేల కావలసివచ్చింది. నేను కల్పితాలు రాసి బతికేదాన్ని. నా నవలల్లో జమీందార్లకు ఎన్ని లక్షలైనా రాసిపారేస్తాను, కాని అవి బ్యాంకులో ఉన్నాయని ఆడిటరు సంతకం పెట్టించడం నాకెప్పుడూ తట్టలేదు సుమండీ.

ఆ ఒక్కరోజులో షేరు 179 నుంచి 40 రూపాయల దగ్గరికి జారింది. చిన్నాయన పేపరు మడిచి గూట్లో పెట్టాడు. ఎదురింటాయన "నేను ముందే చెప్పలా?" అన్నాడు. ఏం చెప్పాడో మా అందరికీ గుర్తుంది, ఆయనకొక్కడికే లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇంతవరకే అయితే ఇది మా అత్త గడుసుతనం కథగా మిగిలిపోయేది. కాని ఆరోజు మధ్యాహ్నం ఆమె నన్నడిగింది వేరు.

"అయితే ఆ బండి ఇంక రాదామ్మా?"

ఏ బండి అని నేనడగలేదు. మా ఊళ్ళో సత్యం రాజుగారంటే షేరు కాదు, 108. ఫోనులో మూడంకెలు నొక్కితే వచ్చే ఆ అంబులెన్సును 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలుపెట్టింది ఆయన పెట్టిన సంస్థే. 2007లో ఒక రాత్రి అత్తకు గుండెల్లో నొప్పొస్తే నంద్యాల తీసుకుపోయింది ఆ బండే. అంతకుముందు మా ఊళ్ళో అర్ధరాత్రి నొప్పొస్తే ట్రాక్టరుకోసం ఎవరింటి తలుపు తట్టాలన్నదే మొదటి ప్రశ్న. ఎవరితో మాటల్లేవో ఆ ఇంటికే పోవలసి వచ్చేది కూడా. ఇప్పుడు అత్త చిన్నకూతురు పురిటికొచ్చి ఇంట్లో ఉంది. ఎనిమిదో నెల. న్యూయార్కులో ఎవరి డబ్బెంత పోయిందో అత్తకు పట్టలేదు. ఆమె సత్యంలో పెట్టుకున్న పెట్టుబడి అదీ. ఫిబ్రవరిలో కూతురికి నొప్పులొస్తే బండి వస్తుందన్న ధైర్యం.

చిన్నాయన సముదాయించబోయాడు. "అక్కా, నీకా భయమేం వద్దు. బండికి పేరే రాజుగారిది. నడిపే ఖర్చులో నూటికి తొంభై అయిదు గవర్నమెంటే ఇస్తాండాది" అన్నాడు. మాట నిజమే. అప్పటికి ప్రభుత్వానికీ ఆ సంస్థకూ ఉన్న ఒడంబడిక అదే.

అత్త మొహంలో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. "గవర్నమెంటుదా? ఇన్నాళ్ళూ కంపెనీది కదా అని నిమ్మళంగా ఉంటి. గవర్నమెంటుదైతే ఎలక్షన్లయినాక బిల్లు ఆగిపోతే ఏం జెయ్యల్ల?"

చిన్నాయన దగ్గర దీనికి సమాధానం లేదు. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. మగవాళ్ళు మూడురోజులు తలబద్దలు కొట్టుకున్నది సరిగ్గా ఇదే ప్రశ్నమీద. గవర్నమెంటు డబ్బిస్తే కంపెనీ నిలుస్తుందా లేదా అని. వాళ్ళకది 158 రూపాయల ప్రశ్న. అత్తకు పురిటి ప్రశ్న. పేరు కంపెనీకి, ఖర్చు ఖజానాకు, భయం మాత్రం అత్తకు. ఈ పంపకం ఎవరు చేశారో తెలియదు.

తర్వాత సంగతులు మీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. కేంద్ర ప్రభుత్వం సత్యం పాత బోర్డును తీసేసి కొత్త డైరెక్టర్లను వేసింది. ఏప్రిల్లో వేలం పెడితే టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలిచ్చి గెలుచుకుంది. 2013లో సత్యం అందులో కలిసిపోయింది. మెట్రో ఒప్పందం 2009 జులైలో రద్దయింది. మరుసటేడు ఆ పని ఎల్ అండ్ టి చేతికి పోయింది, రైలు 2017 నవంబరులో నడిచింది. రామలింగరాజుతో సహా పదిమందికి ప్రత్యేక కోర్టు 2015 ఏప్రిల్లో ఏడేళ్ళ శిక్ష వేసింది, నెల తిరిగాక అప్పీలులో బెయిలొచ్చింది. రాజశేఖరరెడ్డి ఎన్నికల్లో గెలిచి, ఆ సెప్టెంబరు 2న మా నల్లమలలోనే హెలికాప్టరు కూలి చనిపోయాడు. ఆ రెండురోజులు మా ఊరు పొయ్యి వెలిగించడం కూడా మరిచిపోయింది.

108ని 2009లో జి.వి.కె. సంస్థ తీసుకుంది. ప్రభుత్వం డబ్బివ్వడం మానలేదు. ఆ తర్వాత నడిపే సంస్థలు మారాయి, జీతాలకోసం సిబ్బంది సమ్మెలు చేశారు, 2020 జులైలో ఒకేసారి వెయ్యికి పైగా 108, 104 బండ్లకు విజయవాడలో జెండా ఊపారు. అత్త భయపడ్డట్టు బిల్లు ఆగిన రోజులూ ఉండే ఉంటాయి. ఆ ఫిబ్రవరిలో మాత్రం బండి వచ్చింది. అప్పుడు పుట్టిన పిల్ల ఇంటరు చదువుతోంది.

బావకు కోపం తగ్గడానికి రెండేళ్ళు పట్టింది. ఆయన వాదనా పూర్తిగా కొట్టిపారేసేది కాదు. 158కి కొన్నవాళ్ళు మునిగారు గాని, ఉత్తరం బయటపడ్డాక అందరూ పారిపోతున్నప్పుడు కారుచౌకగా కొని గుండె గట్టి చేసుకున్నవాళ్ళు బాగుపడ్డారు. ఈ ముక్క ఆయన ప్రతి సంక్రాంతికీ చెబుతాడు. "అప్పుడైనా ఇచ్చి ఉంటే..." అంటాడు. అప్పుడైనా ఇచ్చేది కాదని ఆయనకూ తెలుసు.

చిన్నాయన ఇప్పుడు లేడు. ఎదురింటాయన ఉన్నాడు, పార్టీ మారాడు. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్ళు విశాఖపట్నంలో డేటా సెంటరుకు 1,500 కోట్ల డాలర్లు పెడతామని ఒప్పందం చేసుకున్నారని పేపర్లో పడ్డాక వచ్చిన సెలవుల్లో బావ మళ్ళీ వసారాలో కూర్చున్నాడు. దాని చుట్టూ ఏ కంపెనీలు పెరుగుతాయి, ప్రభుత్వం ఏ రాయితీలిస్తుంది, ఇంకో ప్రభుత్వం వస్తే ఆ రాయితీలు నిలుస్తాయా అని ఇద్దరూ మొదలుపెట్టారు. అత్తకిప్పుడు డెబ్భై ఎనిమిది. చెవులు సరిగ్గా వినపడవు. ఏందిరా అంటే బావ దగ్గరికొచ్చి గట్టిగా చెప్పాడు, వందల ఎకరాల్లో కంప్యూటర్లు పెడతారమ్మా, అవి వేడెక్కకుండా రాత్రింబగళ్ళు చల్లబరుస్తానే ఉండల్ల అని.

"చల్లబరిచే దానికి నీళ్ళు యాణ్ణించి తెస్తారంట?" అంది అత్త.

బావ ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాడు. ఎదురింటాయన మాత్రం, ఆ నీళ్ళ పని ఏ కాంట్రాక్టరుకు వస్తుందో తనకు తెలుసునన్నాడు.